జేబులోని చిట్టా, బల్లమీది ఆవర్జా

ఒక మనిషి తన జేబులోనున్న చిరునామాల పట్టీని తన బల్లమీది కంప్యూటరులోనికి దించుకొనవలెనన్నచో ఎవరి అనుమతి పొందవలసియుండును? ప్రశ్న వినుటకు చిల్లరగా తోచవచ్చును. కాని ఆ పేర్లను సేకరించినది ఆతడు, వ్రాసికొన్నది ఆతడు, పరికరమునకు మూల్యము చెల్లించినది ఆతడు, కంప్యూటరు ఆతనిది. ఇన్నియు ఆతనివై యుండగా ఈ రెంటి నడుమ సాగవలసిన మూరెడు ప్రయాణము మాత్రము మూడవవాని దయాదాక్షిణ్యములపై ఆధారపడియుండుట న్యాయమా యని విచారింపబూనినచో, ఈ చిల్లర ప్రశ్నయే స్వామ్యమునకు సంబంధించిన పెద్ద ప్రశ్నగా పరిణమించును. 2023లో మన పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణకై చేసిన చట్టమున దీనికి సమాధానము దొరకదు. దాదాపు ముప్పదియేండ్ల క్రిందట పుట్టిన ఒక చిన్న యంత్రము చరిత్రలో మాత్రము దొరకును.

1996వ సంవత్సరమున అమెరికాలో పామ్ అను సంస్థ 'పైలట్' అను పేర ఒక చేతి పరికరమును విపణికి తెచ్చెను. దాని రూపకర్త జెఫ్ హాకిన్స్, యంత్రము తయారు కాకమునుపే, అంత పరిమాణముగల ఒక కొయ్యముక్కను చొక్కాజేబులో వేసికొని తిరిగి, అవసరమైనప్పుడు దానిని బయటికి తీసి పుల్లతో దానిపై వ్రాయుచున్నట్లు నటించి, మనిషికి ఏది ఎన్నిసార్లు కావలసివచ్చునో కనిపెట్టెనని ప్రసిద్ధి. ఫలితముగా వెలువడిన యంత్రమున ఆడంబరమేమియు లేదు. తేదీల పుస్తకము, చిరునామాలు, చేయవలసిన పనులు, చిన్నచిన్న వ్రాతలు: ఈ నాలుగింటికి నాలుగు మీటలు, రంగులు లేని ఒక తెర, వ్రాయుటకు స్టైలస్ అను పుల్ల. చౌకరకము ధర 299 డాలర్లు. దాని జ్ఞాపకశక్తి 128 కిలోబైట్లు. నేడు ఫోనుతో తీసిన ఛాయాచిత్రమొక్కటియైనను అందులో పట్టదు. అక్షరములను యంత్రము గుర్తించుటకై 'గ్రఫిటీ' అను ఒంటిగీతల లిపిని మనుష్యుడే నేర్చుకొనవలసి యుండెను. చిత్రమేమన, జనులు విసుగుకొనక నేర్చుకొనిరి.

అంతకుముందు వచ్చిన చేతి యంత్రములలో పెక్కు, 1993లో ఆపిల్ సంస్థ తెచ్చిన న్యూటన్ మొదలుకొని, తామే సంపూర్ణమైన కంప్యూటరులు కావలెనను తాపత్రయముతో బరువెక్కి, ధర పెరిగి, జేబున ఇముడక చతికిలబడినవి. పైలట్ అట్టి పేరాసకు పోలేదు. బల్లమీద పెద్ద కంప్యూటరు ఉన్నదనియు, తాను దాని అనుచరుడననియు మొదటినుండియు ఒప్పుకొని, సాయంకాలమున క్రేడిల్ అను పీఠముపై కూర్చుండి, 'హాట్‌సింక్' అను ఒక్క మీటను నొక్కినంతనే దినమంతయు తనలో చేరిన వ్రాతలను పెద్దదానికి అప్పగించి, అక్కడ చేరినవానిని తాను స్వీకరించెడిది. ఇది సౌకర్యము మాత్రమే యనుకొనరాదు. దాని జ్ఞాపకమంతయు రెండు సన్నని బ్యాటరీల ప్రాణముపై నిలిచియుండెను. అవి పూర్తిగా అడుగంటినచో పేర్లు, తేదీలు, పద్దులు సమస్తమును తుడిచిపెట్టుకొనిపోవును. కావున సింక్ చేయుటయన్న ఆ యంత్రమునకు జీవితబీమా చెల్లించుటయే.

అయితే ఈ పనికి కావలసిన ప్రోగ్రామును తయారీదారు విండోస్‌కును మెకింటాష్‌కును మాత్రమే సమకూర్చెను. లినక్స్‌ను లెక్కలోనికి తీసికొనలేదు. వ్యాపారదృష్టితో చూచినచో దానిని తప్పుపట్టజాలము. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్ అను ఆపరేటింగ్ సిస్టము అప్పటికి విశ్వవిద్యాలయ ప్రయోగశాలలలోను, సర్వరు గదులలోను, ఉత్సాహవంతుల ఇండ్లలోను మాత్రమే నడుచుచుండెను. కాని పైలట్‌పై మోజుపడినవారిలో ఆ ఉత్సాహవంతులును ముందువరుసలోనే ఉండిరి. తయారీదారు వ్రాసియీయనిదానిని వారు తామే వ్రాసికొనిరి. కెన్నెత్ ఆల్బనోవ్‌స్కీ ప్రభృతులు 'పైలట్-లింక్' అను ప్రోగ్రాముల సముదాయమును సమకూర్చిరి. దానిని పునాదిగా చేసికొని జడ్ మాంట్‌గొమరీ 'జె-పైలట్'ను, డాన్ పైలోన్ 'కె-పైలట్'ను, గ్నోమ్ వర్గమువారు 'గ్నోమ్-పైలట్'ను నిర్మించిరి. ఉత్సాహము అంతటితో ఆగలేదు. ఆల్బనోవ్‌స్కీయు జెఫ్ డియాన్ అను మరియొకరును 1998లో ఆ చేతి యంత్రములోనికే లినక్స్‌ను ఎక్కించి నడిపించిరి. దానివలన సామాన్యునికి ఒరిగినదేమి యని అడుగువారికి నా యొద్ద సమాధానము లేదు గాని, ఆ ప్రయత్నమునుండి పుట్టిన యు-సి-లినక్స్ తరువాత చిన్నచిన్న పరికరములకు ఎంతయు ఉపకరించెను.

ఈ స్వచ్ఛంద కృషి ఫలించుటకు కారణము పైలట్ తన పద్దులను దాచుకొను పద్ధతిలోని నిరాడంబరత్వము. ప్రతి పద్దునకును, అది చిరునామా కానిండు, సమావేశపు తేదీ కానిండు, మూడు బైట్ల పొడవుగల ఒక విశిష్టసంఖ్య యుండును. ఆ పద్దును మార్చినంతనే దానిపై 'మారినది' అను గురుతు పడును. తొలగించినచో అది తత్‌క్షణమే నశింపక, 'తొలగినది' అను గురుతును ధరించి తరువాతి సింక్ వరకు వేచియుండును. లేనిచో ఆ తొలగింపు సంగతి పెద్ద కంప్యూటరునకు తెలియు మార్గమే ఉండదు గదా! వర్తకుని కొట్టులో గుమాస్తా చిట్టాను ఆవర్జాతో సరిచూచునప్పుడు నిన్నటివరకు సరిపోయిన పుటలను మరల తిరగవేయక, నేడు పడిన పద్దులను మాత్రమే ఎట్లు చూచునో, సింక్ సైతము గురుతుపడిన పద్దులను మాత్రమే చూచి ముగించును. ఈ వేగపు పద్ధతి కడపటిసారి ఏ కంప్యూటరుతో సరిచూచుకొన్నదో అదే కంప్యూటరు ఎదురైనప్పుడే చెల్లును. ఇంటిలో నొకటి, ఆఫీసులో నొకటి యున్నవాడు రెంటితోను సింక్ చేయబూనినచో, గురుతులను నమ్ముటకు వీలులేక, పద్దుపద్దును పోల్చవలసివచ్చును. ఆ సంగతి గమనింపని ప్రోగ్రాములవలన ఒకే మిత్రుడు పట్టీలో మూడుచోట్ల ప్రత్యక్షమగుటయు కద్దు.

ఇక అసలు చిక్కు వేరొకటి. ఉదయమున జేబుయంత్రములో ఒకరి ఫోను నంబరును మార్చితిమి. మధ్యాహ్నము బల్లమీది కంప్యూటరులో అదే వ్యక్తి ఇంటి చిరునామాను మార్చితిమి. సాయంకాలము రెండును ఎదురుపడినవి. ఏది నిజము? ఇట్టి సమయమున పైలట్ సంప్రదాయము రెండు పద్దులను రెండుచోట్లను నిలిపి, ఇట్లు జరిగినదని తన నివేదికలో వ్రాసి, నిర్ణయమును మనుష్యునికి వదలివైచును. ఒకచోట తొలగించి మరియొకచోట మార్చిన పద్దు ఎదురైనచో మార్చినదే నిలుచును. తొలగించునప్పుడు సైతము, కంప్యూటరులో ఒక ప్రతిని దాచిపెట్టవలెనా యని ముందుగా అడుగును. సందేహమున్నచోట మనుష్యుడు వ్రాసినదానిని యంత్రము చెరుపరాదను ఈ మర్యాద నాకు మిక్కిలి గౌరవార్హముగా తోచును. నేడు మన పట్టీలను ఎక్కడనో దూరదేశపు సర్వరులలో ఉంచి సరిచూచు సేవలలో కొన్ని, కడపట చేరిన వ్రాతను నిలిపి మునుపటిదానిని మారుమాటలేక త్రోసివేయును. ఏది పోయినదో ఎరుగుటకు నివేదిక యేదియు మన కంటబడదు. దీనిని పురోగతి యనుటకు నాకు నోరు రాదు.

లినక్స్‌పై ఈ పని నల్లేరుపై బండినడక కాలేదని చెప్పకుండుట సత్యదూరమగును. లినక్స్‌లో దాదాపు ప్రతి పరికరమును ఒక ఫైలువలె కనబడును. క్రేడిల్ తగిలించిన సీరియల్ పోర్టు ఏదియో ఎరిగి, దానికి 'పైలట్' అను మారుపేరు పెట్టి, దానిని చదువుటకును వ్రాయుటకును సామాన్య వినియోగదారునికి అనుమతి నియ్యవలెను. ఆ అనుమతి లేనిచో మీట నొక్కినను ఇరుపక్షములును మౌనము వహించును. తప్పు తీగదో, పీఠముదో, ప్రోగ్రాముదో తెలియక మనుష్యుడు తల గోకికొనవలసినదే. 1998లో హాకిన్స్, డోనా డుబిన్‌స్కీ మొదలగువారు పామ్‌ను వీడి హ్యాండ్‌స్ప్రింగ్ సంస్థను స్థాపించి, మరుసటియేట 'వైజర్'ను యుఎస్‌బి తీగతో తెచ్చినప్పుడు చిక్కు మరియొక రూపము దాల్చెను. మీట నొక్కనంతవరకు కంప్యూటరు దృష్టిలో అసలు పరికరమే లేదు. నొక్కినంతనే రెండు పోర్టులుగా ప్రత్యక్షమగును. పని ముగిసినంతనే అదృశ్యమగును. ప్రోగ్రామును ముందుగా తెరచినచో పరికరము లేదనును, ఆలసించినచో పరికరము వేచి వేచి విరమించుకొనును. గ్రెగ్ క్రో-హార్ట్‌మన్ వ్రాసిన డ్రైవరు లినక్స్ కెర్నెల్‌లో చేరిన తరువాతగాని ఈ దాగుడుమూతలు అదుపులోనికి రాలేదు. ఐనను ఇవన్నియు తెలివిచేతను ఓపికచేతను తీరదగిన చిక్కులు. తాళము వేసి తాళపుచెవి దాచుటవలన కలిగినవి కావు. ఈ భేదమును పాఠకులు గుర్తుంచుకొందురుగాక.

తెలుగువారి దృష్టితో చూచినచో ఆ యంత్రమునందు లోపము లేకపోలేదు. 1991లో వెలువడిన యూనికోడు తొలి సంచికయందే తెలుగు లిపికి స్థానము లభించియుండగా, పైలట్ మాత్రము ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క బైటు చొప్పున ఐరోపా లిపులతోనే కాలము గడపెను. అమెరికాలో కొలువులకై వెళ్లిన మనవారు దానిని కొనినను, అన్నయ్య పేరును మేనత్త ఊరిని ఆంగ్లాక్షరములలో గిలుకుకొనవలసినదే. ఇట్టి లోపమును తీర్పగల విధమున బెంగుళూరులో భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు ఎన్‌కోర్ సంస్థతో కలిసి, లినక్స్‌తో నడుచుచు భారతీయ భాషలను పలుకగల సింప్యూటరును రూపొందించిరి. అది ఆశించినంతగా జనులకు చేరకపోయినను, చేతి యంత్రమునకు దేశభాష రావలెనని పట్టుపట్టినవారు మన పొరుగుననే యుండిరని స్మరించుట ధర్మము.

పామ్ సంస్థ కడపటి చరిత్ర నా వాదమునకు అన్నిటికంటె గట్టి సాక్ష్యము. 2009లో ఆ సంస్థ 'ప్రీ' అను ఫోనును తెచ్చెను. దాని లోపల నడుచునది సాక్షాత్తు లినక్స్! లినక్స్ వినియోగదారులు సంతోషింపవలసినదే. కాని ఆ ఫోనునుండి హాట్‌సింక్ తొలగిపోయెను. పేర్లును తేదీలును ఇకపై వెబ్ ఖాతాలతో సరిచూచుకొనునే గాని బల్లమీది కంప్యూటరుతో కాదు. పాటలను ఎక్కించుటకు మాత్రము ఆ ఫోను ఆపిల్ వారి ఐట్యూన్స్ ఎదుట తాను ఐపాడ్‌నని వేషము వేసెను. ఆపిల్ జులైలో ఆ వేషమును బయటపెట్టి ద్వారము మూసెను. పామ్ ఈసారి ఆపిల్ వారి యుఎస్‌బి గుర్తింపు సంఖ్యనే ధరించి మరల లోపలికి దూరెను. యుఎస్‌బి ప్రమాణములను పాలించు సంఘము ఆ సంఖ్యను వాడుట నియమవిరుద్ధమని పామ్‌నే మందలించెను. ఏ ప్రోగ్రామైనను తనతో మాటలాడవచ్చునని ఒకనాడు ఊరకయున్న సంస్థ, పదమూడేండ్లకు మరియొకరి గుమ్మమున మారువేషముతో నిలిచెను. 2010లో హెచ్‌పి సంస్థ పామ్‌ను 120 కోట్ల డాలర్లకు కొని, మరుసటి యేటనే ఆ పరికరముల తయారీని విరమించి, 2015 జనవరిలో వానిని పోషించు వెబ్ సేవలను సైతము మూసివైచెను. 2009 నాటి ఫోను ఆశ్రయించిన సేవలు ఆ విధముగా అంతరించినవి. 1996 నాటి పైలట్ ఎవరియొద్దనైన పనిచేయు స్థితిలో నున్నచో, సీరియల్ తీగయు పైలట్-లింక్ మూలప్రతియు దొరికినచో, లినక్స్‌తో నేడును సరిచూచుకొనగలదు. యజమానియైన సంస్థ చచ్చినను బ్రదికియుండు పద్ధతి మేలా, సంస్థతో సహగమనము చేయు పద్ధతి మేలా?

సరిచూచుకొనుటకు నేడు ప్రమాణములు లేవని ఎవరును అనజాలరు. చిరునామాకు వి-కార్డు ఉన్నది; తేదీలకు ఐ-క్యాలెండరు 1998 నుండి ఉన్నది; వీనిని యంత్రముల నడుమ చేరవేయుటకు 2007లో క్యాల్-డావ్, 2011లో కార్డ్-డావ్ ప్రకటింపబడినవి. ఇంటిలోని లినక్స్ కంప్యూటరుపై నెక్స్ట్‌క్లౌడ్‌నో రాడికేల్‌నో నడిపి, ఆండ్రాయిడు ఫోనులో డావ్-ఎక్స్-5 అను యాప్‌ను పెట్టుకొన్నవాడు తన పట్టీని తన గడప దాటనీయక సరిచూచుకొనవచ్చును. కాని ఇది యెరిగినవాని మార్గము. ఎరుగనివాని ఫోనులోనికి ఈ ప్రమాణములు పూర్తిగా దిగిరాలేదు. ఆండ్రాయిడు ఫోనునుండి వి-కార్డు తీసినప్పుడు ఆంగ్లములోని పేర్లు చక్కగా వచ్చును. తెలుగు పేర్లు తరచుగా పాతకాలపు సంకేతపద్ధతిలో, ఒక్కొక్క తెలుగు అక్షరచిహ్నమునకు మూడేసి సంకేతముల చొప్పున, సమానచిహ్నములతో నిండిన గొలుసుగా వెలువడును. దానిని విప్పలేని ప్రోగ్రాములో తెరచినచో మేనత్త పేరు మంత్రాక్షరములవలె కనబడును. 2011లో ప్రకటింపబడిన వి-కార్డు నాలుగవ సంచిక యూనికోడును తప్పనిసరి చేసినను, పాతపద్ధతి వాడుకనుండి తొలగలేదు.

అన్నిటిని సంస్థలే చూచుకొనుచుండగా ఈ గొడవ మనకేల యనువారు కలరు. ఫోను పోయినను క్రొత్త ఫోనులో ఖాతా తెరచినంతనే పేర్లన్నియు తిరిగి వచ్చుచున్నవి గదా యందురు. నిజమే, ఆ మేలును కాదనను. పైలట్‌లో 'రహస్యము' అని గురుతుపెట్టిన పద్దులకు సైతము సంకేతరక్షణ లేదనియు, తీగ తగిలించినవాడు ఎవడైనను వానిని చదువగలిగెడివాడనియు కూడ ఒప్పుకొందును. కాని రక్షణకును బంధనమునకును గల సంబంధము మనము కల్పించుకొన్నదే గాని సహజమైనది కాదు. యజమాని చేతిలోని రహస్యపదముతో భద్రపరచి, యజమాని కోరినప్పుడు కోరినచోటికి పంపుట నేడు అసాధ్యము కాదు. సేవ బాగున్నచో మనుష్యులు దానియందే నిలుతురు. పోవుటకు ద్వారము లేకపోవుటచే నిలుచువారిని చూపి సేవ బాగున్నదనుట వంచన.

ఈ న్యాయమును మన ప్రభుత్వమే ఒకప్పుడు అంగీకరించెను. ఫోను నంబరు మారకయే సంస్థను మార్చుకొను సదుపాయము 2011 జనవరిలో దేశమంతట అమలులోనికి వచ్చినప్పుడు, నంబరు సంస్థ సొత్తు గాదని తేలిపోయెను. ఐరోపా సమాఖ్యయందు 2018 మే నుండి అమలులో నున్న సమాచార రక్షణ నిబంధనలు, తాను ఇచ్చిన సమాచారమును యంత్రము చదువగల రూపమున తిరిగి పొందుటకును మరియొకచోటికి తరలించుటకును ప్రతి వ్యక్తికి హక్కు నిచ్చినవి. మన 2019 నాటి సమాచార రక్షణ బిల్లునందును ఆ హక్కు ఉండెను. 2022లో ఆ బిల్లును ఉపసంహరించి, 2023లో చేసిన చట్టమున దానిని విడిచివేసిరి. సమాచారమును చూచుకొనుటకు, దిద్దించుకొనుటకు, చెరిపించుకొనుటకు హక్కు మిగిలినది. తరలించుకొనుటకు మాత్రము మిగులలేదు. నంబరుతో సంస్థ మారవచ్చునట, ఆ నంబరు చుట్టును అల్లుకొన్న పేర్లతోను తేదీలతోను వ్రాతలతోను మారుటకు మాత్రము హక్కు లేదట! ఇది చట్టమునందలి పెద్ద లోటని నా నిశ్చితాభిప్రాయము.

ఆంధ్రప్రదేశమునుండి 25 గురు, తెలంగాణమునుండి 17 గురు లోక్‌సభయందున్నారు. ఈ హక్కును సవరణరూపమున మరల చేర్పవలెనని వారు ప్రతిపాదింపవలెను. పాఠకులు అంతవరకు వేచియుండ నక్కరలేదు: మీ ఫోనులోని చిరునామాల పట్టీని ఒక్కసారి ఫైలుగా వెలికితీసి మీ కంప్యూటరులో దాచుకొనుడు, తెలుగు పేర్లు తెలుగుగా తెరచుకొనుచున్నవో లేవో చూడుడు, తెరచుకొననిచో ఆ యాప్ తయారీదారునకు మీ పేరుతో ఒక లేఖ వ్రాయుడు.